యూరప్ వేసవిలో చర్మం, జుట్టు, పాదాలు: ఓరుగల్లు నుంచి బయల్దేరే అమ్మాయిలకు

రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండతో ఎట్లా మెలగాలో ఓరుగల్లు అమ్మాయిలకు ఎవరూ నేర్పక్కర్లేదు. పదకొండు దాటితే గడప దిగరు, దిగాల్సి వస్తే మొఖానికి చున్నీ, చేతులకు గ్లౌజులు. 43 డిగ్రీల వేడే మనిషిని నీడకు తరుముతుంది. జూన్‌లో పారిస్‌లోనో మ్యూనిక్‌లోనో పగలు 24 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి చల్లగా వీస్తుంది, చెమట పట్టదు, ఎనిమిది గంటలు రోడ్ల మీద ఉన్నా ఎండలో తిరిగినట్టే అనిపించదు. రాత్రి హోటల్ అద్దంలో చూసుకుంటే ముక్కు, నుదురు, మెడ వెనక కమిలిపోయి ఉంటాయి. చర్మాన్ని కాల్చేవి అతినీలలోహిత (యూవీ) కిరణాలు, గాలి చల్లబడితే అవి తగ్గవు. అందుకే అక్కడ ఎండను ఒంటికి తగిలే వేడితో కొలవొద్దు, గడియారంతో, నీడతో కొలవాలి.

ఎన్ఐటీ నుంచి వేసవి ఇంటర్న్‌షిప్‌కు జర్మనీ వెళ్లే అమ్మాయికైనా, రెండు వారాల్లో మూడు నాలుగు దేశాలు చుట్టి వచ్చే అమ్మాయికైనా కింది విషయాలు పనికొస్తాయి. కొలతలన్నీ 14 రోజుల ప్రయాణానికి వేసినవి.

నెల ముందు చేయాల్సినవి

ముందుగా, ఇంట్లో మొఖానికి ఏం రాస్తున్నారో ఆ ట్యూబు వెనక చదవండి. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే "తెల్లబడే" క్రీముల్లో చాలావాటిలో బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. కొన్నింటిలో స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ మూడూ కలిసి ఉంటాయి. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, ఎండ సోకితే మంట పుడుతుంది. అట్లాంటి చర్మంతో రోమ్ వీధుల్లో రోజంతా తిరగడం చాలా హాని. భయపడి ఒక్కసారిగా మానేయడం కూడా తప్పే: వారం రెండు వారాల్లో మొఖమంతా ఎర్రబడి, మొటిమలు ఎగదన్నుతాయి, అది సరిగ్గా ప్రయాణంలో జరుగుతుంది. నెల, నెలన్నర ముందే చర్మ డాక్టరును కలిస్తే మెల్లగా తగ్గించే పద్ధతి చెప్తారు. ఎంజీఎం ఆస్పత్రి ఓపీలోనూ చర్మ వైద్యులుంటారు. ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు, దాచాల్సింది అంతకన్నా కాదు.

రెటినాల్, ట్రెటినోయిన్, గ్లైకోలిక్ యాసిడ్ వాడేవాళ్లకు ఎండకు చర్మం తొందరగా కందుతుంది. మొటిమలకు డాక్సీసైక్లిన్ మాత్రలు వేసుకునేవాళ్లకూ అంతే. వీటిని ఆపాలా, రాత్రిపూట కొనసాగించాలా అన్నది రాసిచ్చిన డాక్టరునే అడగండి. కొత్త క్రీము, కొత్త సన్‌స్క్రీన్ ఏదైనా సరే మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత మేర, రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాసి చూసి, దురద, దద్దు లేకపోతేనే మొఖానికి తేవాలి. విమానం ఎక్కే ముందురోజు కొన్న క్రీము సంచిలో ఉండొద్దు.

మైదాకు సంగతి వేరుగా చెప్పాలి. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. హైదరాబాద్‌లోని వీసా కేంద్రంలో పది వేళ్ల ముద్రలు తీసుకుంటారు. అక్కడి సరిహద్దులో దిగాక కూడా వేలిముద్ర పెట్టించి సరిచూస్తారు. మన దగ్గర వేళ్ల కొసలకు టోపీల్లా మైదాకు పెట్టుకుంటారు కదా, ఆ మందం ఎరుపు మీద స్కానర్ గీతలను సరిగా పట్టకపోవచ్చు. ఆషాఢం వచ్చేది కూడా జూన్, జూలై నెలల్లోనే. పెట్టుకోవాలని మనసుంటే అరచేతిలో చందమామ పెట్టుకుని, వేళ్ల కొసల లోపలి భాగం ఖాళీగా వదిలేయండి. గంటలో నల్లగా పండే కోన్ జోలికి మాత్రం ఇక్కడా పోవద్దు, అక్కడి బీచుల్లో వేసే నల్ల టాటూ జోలికీ పోవద్దు. ఆ నలుపు పీపీడీ అనే రంగుది. యూరప్ చట్టం దాన్ని జుట్టు రంగులో మాత్రమే, అదీ పరిమితితో ఒప్పుకుంటుంది, ఒంటికి రాయడానికి ఒప్పుకోదు. పొక్కులు లేచి మచ్చ మిగులుతుంది, ఆ తర్వాత జన్మంతా జుట్టు రంగు కూడా ఒంటికి పడకపోవచ్చు.

ఐబ్రోస్ త్రెడింగ్, వ్యాక్సింగ్ ప్రయాణానికి 3 రోజుల ముందు ముగించండి. ముందురోజు చేయించుకుంటే ఆ చర్మానికి ఎండ, చెమట, సముద్రపు ఉప్పు తగిలి కురుపులు లేస్తాయి. త్రెడింగ్ అక్కడ దొరకదని కాదు, పారిస్‌లో గార్ దు నోర్ స్టేషన్ దగ్గరి లా షాపెల్ లాంటి మనవాళ్ల పేటల్లో దొరుకుతుంది. అయినా రెండు వారాలకు ఇక్కడే చేయించుకుని వెళ్లడమే సుఖం.

బూట్లు కూడా నెల ముందే కొనాలి. ఎట్లాంటివి కొనాలో పాదాల దగ్గర చెప్తాం.

సంచి సర్దేటప్పుడు

చేతి సంచిలో ద్రవాలు ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు మించొద్దు, అన్నీ కలిపి 1 లీటరు పట్టే పారదర్శక జిప్ కవర్లో పట్టాలి. సీసా మీద 200 అని రాసి ఉంటే అందులో పావు వంతే ఉన్నా తీసిపారేస్తారు, వాళ్లు చూసేది సీసా సైజును. షాంపూ, నూనె, ఫేస్‌వాష్ మాత్రమే కాదు, టూత్‌పేస్ట్, మస్కారా, లిప్ గ్లాస్, కలబంద జెల్ కూడా ద్రవాల లెక్కే. సబ్బు బిళ్ల, లిప్‌స్టిక్, కాటుక పెన్సిల్, కడ్డీలా ఉండే సన్‌స్క్రీన్ ఆ లెక్కలోకి రావు. కొన్ని యూరప్ విమానాశ్రయాల్లో కొత్త స్కానర్లు వచ్చి ఈ నియమం సడలింది గానీ, మధ్యలో దిగే ఊళ్లో, తిరుగు ప్రయాణంలో అదే సడలింపు ఉంటుందని నమ్ముకోవద్దు. రేజర్, చిన్న కత్తెర చెక్-ఇన్ పెట్టెలో వేయండి. పవర్ బ్యాంక్ మాత్రం చేతి సంచిలోనే ఉండాలి.

ఎంత తీసుకోవాలి? సన్‌స్క్రీన్ దగ్గరే అందరి లెక్కా తప్పుతుంది. మొఖం, చెవులు, మెడ కలిపి ఒక్కసారికి చిన్న చెంచాలో సగం, అంటే 2.5 మిల్లీలీటర్లు పడుతుంది. రోజుకు మూడుసార్లు రాస్తే 7.5. పద్నాలుగు రోజులకు 105. మన దగ్గర అమ్మే 50 గ్రాముల ట్యూబు వారానికే అయిపోతుంది, చేతులకూ రాస్తే ఇంకా ముందే. అయిపోతుందన్న బెంగతో బఠాణీ గింజంత రాసుకుంటే దాని మీద రాసిన అంకె కాపాడదు. చేతులకు రాయడం తప్పించుకోవాలంటే నిండు చేతుల కాటన్ కుర్తీలు వేసుకోవడం మంచి ఉపాయం. కానీ దీపానికెదురు పెడితే వెలుతురు దూసుకొచ్చే పల్చటి తెల్లబట్ట ఎండను పెద్దగా ఆపదు, తడిస్తే ఇంకా ఆపదు. దగ్గరి నేత, కాస్త ముదురు రంగు నయం.

మిగతావి తక్కువే: పొడుగు జుట్టుకు ఒక్క తలంటుకు 10 మిల్లీలీటర్ల షాంపూ చొప్పున ఐదుసార్లకు 50, కండీషనర్ 75, మాయిశ్చరైజర్ 50 గ్రాములు, కొబ్బరినూనె 50, ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) ఉన్న లిప్ బామ్ ఒకటి, పెట్రోలియం జెల్లీ చిన్న డబ్బా ఒకటి. ఫౌండేషన్ వాడేవాళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. మన రంగుకు సరిపోయే షేడ్ చిన్న ఊళ్ల షాపుల్లో దొరకడం కష్టం.

కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మే నెలలో హన్మకొండలో నీళ్లలా పారే నూనె, మ్యూనిక్‌లో పొద్దున 14 డిగ్రీలకు రాయిలా ఉంటుంది. సన్న మూతి సీసాలో పోస్తే చుక్క రాదు. వెడల్పు మూతి డబ్బాలో పోయండి, వేలితో గోకి అరచేతిలో రుద్దితే కరుగుతుంది. కారడం గురించి ఇంకో మాట: విమానంలో గాలి ఒత్తిడి దాదాపు 2,400 మీటర్ల కొండ మీద ఉన్నంతకు తగ్గుతుంది, సీసాలో మిగిలిన గాలి ఉబ్బి నూనెను బయటికి తోస్తుంది. మెత్తటి సీసాను నొక్కి గాలి తీసి మూత పెట్టండి. మూత కింద పల్చటి ప్లాస్టిక్ ముక్క పరిచి బిగిస్తే ఇంకా మంచిది.

వరంగల్ నుంచి శంషాబాద్ దాకా ఎండలో కారు డిక్కీలో నాలుగు గంటలుంటే లిప్‌స్టిక్ కరుగుతుంది, సన్‌స్క్రీన్ నీళ్లూ జిడ్డూ వేరైపోతుంది. అట్లా విరిగిన సన్‌స్క్రీన్‌ను కలిపి వాడొద్దు, పారేయాలి. ఈ రెండూ ఏసీలో మీతో పాటు ఉండే సంచిలో పెట్టుకోండి.

తీసుకెళ్లకూడనివి కూడా ఉన్నాయి. పచ్చి ఆకులు, పూలు యూరప్ దేశాల్లోకి ధ్రువపత్రం లేకుండా రానివ్వరు. జడలోకి మల్లెలు, నూరుకోవడానికి పచ్చి మైదాకు, కరివేపాకు అన్నీ ఈ కిందికే వస్తాయి. పెదాలకు రాసుకోవడానికని అమ్మ డబ్బాలో పోసిచ్చే నెయ్యి పాల పదార్థం, అదీ నిషేధమే. సున్నిపిండి, కుంకుళ్ల పొడి మీద ఆ పట్టింపు లేకున్నా ఇంట్లోనే ఉంచండి. అక్కడి స్నానాల గదిలో సన్నటి గొట్టం, పిండి పేరుకుంటే నీళ్లు పోవు. పసుపు అంటిన తెల్ల తువ్వాలకు హోటల్‌వాళ్లు డబ్బు వసూలు చేస్తారు.

ఎండను లెక్కపెట్టడం

వరంగల్లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండూ పది ప్రాంతంలో. మధ్యాహ్నం మూడు దాటితే తీవ్రత తగ్గుతుందని మనకు అలవాటు. యూరప్‌లో వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, పైగా చాలా దేశాలు తమ కన్నా తూర్పున ఉన్న వేళను పాటిస్తాయి. దాంతో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి రోమ్‌లో ఒంటిగంటా పది, పారిస్‌లో రెండుకు పది నిమిషాల ముందు, మాడ్రిడ్‌లో రెండుంబావు అవుతుంది. మన అలవాటున మూడింటికి "ఇంక ఎండ పోయింది" అని టోపీ తీసేస్తే, మాడ్రిడ్‌లో అది మనకు ఒంటిగంటకు తీసేసినట్టు.

గుర్తుపెట్టుకోవడానికి నీడ చాలు. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉన్నంత సేపూ కిరణాలు బలంగా ఉన్నట్టు. జూన్ చివర్లో పారిస్‌లో ఇది సుమారు ఉదయం 10:45 నుంచి సాయంత్రం 5 దాకా, రోమ్‌లో 10 నుంచి 4:30 దాకా. మ్యూజియం, చర్చి, భోజనం, కునుకు ఈ వేళల్లో పెట్టుకుని బయటి నడకంతా పొద్దున, సాయంత్రం పెట్టుకోండి. పారిస్‌లో జూన్ చివర్లో పొద్దు గూకేది రాత్రి పది ప్రాంతంలో, కాబట్టి సాయంత్రం ఐదు తర్వాత కూడా ఐదు గంటల వెలుతురు చేతిలో ఉంటుంది. ఫొటోలకూ ఆ వెలుతురే అందం.

రాసే వరుస ఇది. పొద్దున మొఖం చల్లటి నీళ్లతో కడిగి, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్. ఐదు నిమిషాలు ఆగి సన్‌స్క్రీన్, రెండు విడతలుగా. రుద్దకుండా అరచేత్తో అద్దాలి, రుద్దితే కింది క్రీముతో కలిసి ముద్దలు ముద్దలుగా రాలుతుంది. చెవులు, చెవుల వెనక, మెడ వెనక, జడ పాపిట, పాదాల పైభాగం అందరూ మరిచిపోయే చోట్లు. పాపిటకు సన్‌స్క్రీన్ జిడ్డవుతుందనుకుంటే రోజుకో వైపు పాపిట మార్చండి, లేదా టోపీ పెట్టుకోండి. పది నిమిషాలు ఆరాక బొట్టు, కాటుక. తడి సన్‌స్క్రీన్ మీద అంటించిన బొట్టుబిళ్ల గంటలో జారుతుంది. రాత్రి పడుకునే ముందు దాన్ని తీసేసి, నుదుటి మీద జిగురు కడిగేయాలి. కొన్ని బిళ్లల జిగురులో ఉండే ఒక రసాయనం రోజుల తరబడి అంటుకుని ఉంటే అక్కడ చర్మం రంగు పోయి తెల్లమచ్చ పడుతుంది.

గడప దాటడానికి 15 నిమిషాల ముందు ఇదంతా అయిపోవాలి. ఆ తర్వాత ప్రతి రెండు గంటలకు మళ్లీ. ఫోనులో అలారం పెట్టుకోండి, చల్లగాలిలో ఎవరికీ గుర్తుండదు. మేకప్ ఉంటే టిష్యూతో జిడ్డు అద్ది కడ్డీ సన్‌స్క్రీన్ నాలుగైదుసార్లు తిప్పి రాయండి.

కొనేటప్పుడు ఎస్‌పీఎఫ్ 50 చూడండి. 30 ఉన్నది చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో దాదాపు 97 శాతం ఆపితే 50 ఉన్నది 98 శాతం ఆపుతుంది. తేడా చిన్నదే, కానీ అందరం తక్కువే రాసుకుంటాం కాబట్టి పెద్ద అంకె మేలు. చర్మాన్ని నల్లబరిచే యూవీఏ కిరణాల నుంచి ఎంత కాపాడుతుందో చెప్పడానికి మన ట్యూబు మీద పీఏ పక్కన ప్లస్సులుంటాయి, ఎన్ని ఎక్కువుంటే అంత మేలు. యూరప్ సీసా మీద వలయంలో యూవీఏ అని రాసి ఉంటే, యూవీఏ నుంచి కాపాడే శక్తి ఎస్‌పీఎఫ్‌లో కనీసం మూడో వంతు ఉందని అర్థం. మంగు మచ్చలున్నవాళ్లు ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ తీసుకోవాలి. మంగును మామూలు వెలుతురు కూడా పెంచుతుంది, తెల్ల సన్‌స్క్రీన్ దాన్ని ఆపలేదు.

మంచు కొండల దగ్గర లెక్క మారుతుంది. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు యూవీ దాదాపు 10 శాతం పెరుగుతుంది, కొత్త మంచు పడ్డ కిరణాల్లో 80 శాతం దాకా పైకి తిప్పికొడుతుంది. స్విట్జర్లాండ్‌లో మనవాళ్లంతా వెళ్లే యుంగ్‌ఫ్రావ్‌యోక్ స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తున ఉంది. చలికి స్వెట్టర్ వేసుకుని మొఖం మరిచిపోతారు. అక్కడ ఎండ కింది నుంచి కూడా వస్తుంది కాబట్టి గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచున కూడా రాయాలి, పెదాలకు బామ్, కళ్లకు యూవీ 400 ఉన్న అద్దాలు తప్పనిసరి. రైల్లో కిటికీ పక్క సీటు కూడా ఎండే. అద్దం యూవీబీని చాలావరకు ఆపుతుంది గానీ యూవీఏను పోనిస్తుంది. నాలుగు గంటలు ఒకే వైపు కూర్చుంటే ఆ చెంప ఒక్కటే నల్లబడుతుంది.

నిమ్మరసం, సున్నిపిండిలో నిమ్మ పిండుకోవడం లాంటివి ప్రయాణంలో పూర్తిగా మానండి. నిమ్మజాతి రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు పొక్కులు లేచి, గోధుమరంగు మచ్చలు నెలలపాటు ఉంటాయి. మెడ మీద సెంటు కొట్టుకోవడం కూడా పగలు వద్దు, బట్టల మీద కొట్టుకోండి.

జుట్టు, నీళ్లు

పారిస్, రోమ్, బెర్లిన్, బార్సిలోనా నల్లా నీళ్లలో సున్నం ఎక్కువ. బోరు నీళ్లతో తలంటుకుంటే జుట్టు ఎట్లా గరుకవుతుందో అక్కడా అట్లాగే అవుతుంది. సబ్బు ఆ సున్నంతో కలిసి కరగని మడ్డిగా మారి జుట్టుకూ ఒంటికీ అంటుకుంటుంది. అందుకే జుట్టుకు సబ్బు వద్దు, షాంపూ వాడండి, నురగ రాలేదని రెండోసారి పోసుకోకండి. కండీషనర్ చెవుల కింది నుంచి కొసల దాకా పట్టించి మూడు నిమిషాలుంచాలి. వారానికోసారి అర లీటరు నీళ్ల సీసాలో ఒక పెద్ద చెంచా వెనిగర్ కలిపి తల మీద పోసుకుని, నిమిషం ఆగి మామూలు నీళ్లతో కడిగేస్తే పేరుకున్న సున్నం వదులుతుంది. ఏ సూపర్ మార్కెట్‌లోనైనా వెనిగర్ చవకే. మాడు పగిలి ఉంటే మాత్రం పోయొద్దు, మండుతుంది. ఓస్లో లాంటి ఉత్తరాది ఊళ్లలో నీళ్లు మెత్తగా ఉంటాయి, ఈ తంటా ఉండదు.

నూనె రాత్రంతా ఉంచుకోవడం అక్కడ కుదరదు. తెల్ల దిండు మరక పడితే డబ్బు కట్టాలి. తలంటుకు గంట ముందు రెండు చిన్న చెంచాలు పట్టించి పాత కాటన్ చున్నీ చుట్టుకోండి. మూడు రోజులకోసారి తలంటు చాలు. అక్కడ దుమ్ము, చెమట తక్కువ.

స్నానాల గదిలో జాగ్రత్త: చాలా హోటళ్లలో తొట్టి బయట నేల మీద నీళ్లు పోయే దారే ఉండదు. మనలా నీళ్లు చల్లితే గది దాటి కార్పెట్ తడుస్తుంది. కర్టెన్‌ను తొట్టి లోపలికి వేసి స్నానం చేయాలి. రాలిన జుట్టు టిష్యూతో తీసి చెత్తబుట్టలో వేయండి. నీళ్లు మరీ వేడిగా వద్దు, వేడి నీళ్లకు చర్మం ఎండి కాళ్ల మీద తెల్లగీతలు పడతాయి. స్నానమైన మూడు నిమిషాల్లో ఒంటికి మాయిశ్చరైజర్ రాస్తే అవి రావు.

కరెంటు 230 వోల్టులే కాబట్టి మన హెయిర్ డ్రయర్, స్ట్రెయిట్‌నర్ పనిచేస్తాయి, ప్లగ్గు మాత్రం కుదరాలి. సన్నటి రెండు పుల్లల ప్లగ్గు చాలా చోట్ల పడుతుంది, మూడు పుల్లలది పడదు. స్విట్జర్లాండ్, ఇటలీల్లో సాకెట్లు కాస్త వేరు, బ్రిటన్‌ది పూర్తిగా వేరు. అన్నిటికీ పనికొచ్చే అడాప్టర్ ఒకటి చాలు.

ఈత కొలనుకు వెళ్తే ముందే మంచినీళ్లతో జుట్టు తడిపి, కొసలకు కొంచెం నూనె రాయండి. తడిసిన జుట్టు క్లోరిన్ నీళ్లను తక్కువ పీలుస్తుంది. ఇటలీ, ఫ్రాన్స్ కొలనుల్లో చాలాచోట్ల తల టోపీ లేకుండా దిగనివ్వరు.

పాదాలు, తొడలు

ప్రయాణం చెడేది ఎక్కువసార్లు పాదాల దగ్గరే. రోజుకు 15 వేల నుంచి 20 వేల అడుగులు, అదీ రోమ్, ప్రాగ్ లాంటి ఊళ్లలో గుండ్రాళ్లు పరిచిన వీధుల్లో. పల్చటి అట్టల చెప్పులు మడమను, అరికాలిని మూడో రోజుకే పడగొడతాయి. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పెద్ద వేలి ముందు అరంగుళం ఖాళీ ఉండాలి. నెలపాటు వాటితోనే భద్రకాళి బండ్ మీద పొద్దున నడవండి, చివరి వారం ఖిలా వరంగల్ రాళ్ల మధ్య గంటన్నర తిరిగి చూడండి. ఎక్కడ ఒరుసుకుంటుందో ఇక్కడే తెలుస్తుంది. కాటన్ సాక్సు తడిని పట్టుకుని పొక్కులు తెస్తుంది, పాలిస్టర్ లేదా సన్న ఉన్ని కలిసినవి మేలు.

నడుస్తుంటే ఒకచోట వేడిగా, చురుక్కుమన్నట్టు అనిపించగానే ఆగి అక్కడ టేపు వేయాలి. "హోటల్‌కు వెళ్లాక చూద్దాం" అనుకుంటే అది పొక్కవుతుంది. పొక్కు లేస్తే చిదమొద్దు. మందుల షాపుల్లో పొక్కుల కోసమే అమ్మే జెల్ పట్టీ వేసి, దానంతటది ఊడేదాకా రెండు మూడు రోజులు వదిలేయండి. ముందే పీకితే చర్మం దానితో వస్తుంది.

తొడలు ఒరుసుకుని మండటం గురించి అమ్మాయిలు బయటికి చెప్పుకోరు గానీ చాలామందికి ఉన్న బాధే. ఫ్రాక్, కుర్తీ కింద మోకాలి పైదాకా ఉండే సైక్లింగ్ షార్ట్స్ వేసుకోండి, పొద్దున తొడల లోపలి వైపు పెట్రోలియం జెల్లీ రాయండి. జీన్స్ బరువు, చెమటకు ఇంకా ఒరుస్తుంది.

చున్నీ ఎప్పుడూ సంచిలో ఉండాలి. వాటికన్‌లో సెయింట్ పీటర్స్ బసిలికాకు భుజాలు, మోకాళ్లు కప్పుకుంటేనే రానిస్తారు.

నెలసరి, టాయిలెట్లు, మందుల షాపులు

ప్యాడ్లు అక్కడా ప్రతి సూపర్ మార్కెట్‌లో దొరుకుతాయి, అయినా అలవాటైనవి ఒక నెలకు సరిపడా తీసుకెళ్లండి. నెలసరి వెనక్కి జరిపే మాత్రలు స్నేహితురాలి మాట మీద వేసుకోవద్దు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర, తీవ్రమైన మైగ్రేన్ ఉన్నవాళ్లకు అవి పనికిరాకపోవచ్చు, పైగా పది గంటలు విమానంలో కూర్చోవాలి. గైనకాలజిస్టును అడిగి, ఎప్పుడు మొదలుపెట్టాలో రాయించుకోండి.

టాయిలెట్లలో నీళ్ల గొట్టం ఉండదు. ఖాళీ అర లీటరు సీసా సంచిలో ఉంచుకోండి. బయటి టాయిలెట్లకు అర యూరో నుంచి యూరో దాకా చిల్లర కావాలి. డబ్బుకు, క్యూకు జంకి ఆపుకుంటే, నీళ్లు తాగడం తగ్గిస్తే మూత్రంలో మంట ఖాయం. రోమ్‌లో వీధి కుళాయిల నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. "నాన్ పొటాబిలె" అని రాసి ఉన్నది మాత్రం తాగొద్దు.

ఫ్రాన్స్, ఇటలీల్లో ఆకుపచ్చ ప్లస్ గుర్తు మెరిసే షాపు మందుల షాపు, మంచి చర్మ క్రీములూ అక్కడే. జర్మనీలో సన్‌స్క్రీన్, షాంపూలకు డీఎం, రోస్‌మన్ అనే షాపులు చవక, మందులకు అపోతెకె. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం దాదాపు అన్నీ మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలోవి తప్ప. శనివారమే కొనుక్కోండి. అలమరలో సన్‌స్క్రీన్ పక్కనే ఒళ్లు నల్లబరిచే క్రీములు కూడా పెడతారు, తెల్లవాళ్లకు అదే అందం. ఫ్రెంచ్‌లో "ఓటోబ్రొంజాన్", జర్మన్‌లో "సెల్బ్స్ట్‌బ్రోయ్‌నర్" అన్నవి అవే. ఎస్‌పీఎఫ్ అంకె లేని సీసా తీసుకోకండి.

రాత్రి, ఇంకా కందిపోతే

రాత్రి ఎంత అలసిపోయినా సన్‌స్క్రీన్ కడగకుండా పడుకోవద్దు. కాటన్ మీద మైసెల్లార్ వాటర్ (మేకప్ తుడిచే నీళ్లు) పోసి మొఖం, మెడ, కళ్ల కింద కాటుక తుడిచి, తర్వాత ఫేస్‌వాష్‌తో నిమిషం కడిగి మాయిశ్చరైజర్ రాయండి. ఒక్క ఫేస్‌వాష్‌తో నీళ్లకు ఆగే సన్‌స్క్రీన్ పూర్తిగా పోదు, మూడో రోజుకు గడ్డం మీద మొటిమలు మొదలవుతాయి. స్క్రబ్ అక్కర్లేదు.

మన రంగు చర్మం కందినప్పుడు ఎర్రగా కనిపించకపోవచ్చు. ముట్టుకుంటే వేడి, బిగుసుకున్నట్టు, బట్ట తగిలితే నొప్పి ఉంటే కందినట్టే. వెంటనే నీడకు వెళ్లి, చల్లటి నీళ్లలో ముంచిన గుడ్డ పది పదిహేను నిమిషాలు వేయండి, మళ్లీ మళ్లీ వేయొచ్చు. ఐస్ నేరుగా పెట్టొద్దు. సువాసన లేని మాయిశ్చరైజర్ లేదా కలబంద జెల్ రాయండి, నీళ్లు బాగా తాగండి, నొప్పికి పారాసిటమాల్ వేసుకోండి. టూత్‌పేస్ట్, నిమ్మ, శనగపిండి ఏదీ రాయొద్దు. పెద్ద పొక్కులు, జ్వరం, వణుకు, వాంతులుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. అత్యవసరమైతే ఐరోపా సమాఖ్య దేశాలన్నిటా 112కు ఫోన్ చేయొచ్చు. షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తీసుకునే ఉంటారు కాబట్టి ఖర్చుకు వెనుకాడకండి. బీమా కంపెనీ నంబరుకు ముందే చెప్పి, ప్రతి బిల్లూ దాచుకోండి.

తిరిగి వచ్చాక పెద్దమ్మలు, చిన్నమ్మలు "గింత నల్లగైనవేందే" అంటారు. ఆ మాటకు మర్నాడే పార్లర్‌కు పోయి బ్లీచ్, డీట్యాన్ చేయించుకోవద్దు. ఎండ తిన్న చర్మం మీద బ్లీచ్ పడితే మండి, మన రంగులో ఆ మంట నల్లమచ్చగా మిగులుతుంది. కనీసం మూడు వారాలు మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప ఏదీ వద్దు. నలుపు కొన్ని వారాల్లో, ఒక్కోసారి రెండు మూడు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. చెంపల మీద మచ్చలుగా మిగిలి మూడు నెలలైనా పోకపోతే అది మంగు కావచ్చు, చర్మ డాక్టరుకు చూపించండి.